చల్లపల్లిలో దింపేసిన తడికెలు

మొన్న మా పాత బడి నుంచి సైన్సు టీచరు ఫోన్ చేసింది. నేను రిటైరయ్యాక ఖాళీ అయిన కుర్చీలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి. "మేడమ్, ఈ వేసవి క్యాంపుకి నన్ను కూడా వెళ్ళమంటున్నారు. సముద్రం ఒడ్డునట. ఏమేం సర్దుకోవాలో కాస్త చెప్తారా? నెట్‌లో చూస్తే అంతా మంచుకొండలెక్కేవాళ్ళ గోలే ఉంది" అంది.

ఉద్యోగం వదిలేసిన వాళ్ళని ఎవరైనా సలహా అడిగితే ఎంత హుషారొస్తుందో మీకూ ఒకనాటికి తెలుస్తుంది. గడగడా చెప్పుకుపోయాను. టార్చిలైటు, నైలాను తాడు, నూలు బట్టలు, అంచున్న టోపీ, మందపాటి అట్టలున్న బూట్లు, ఎందుకంటే మధ్యాహ్నం ఆ ఇసుక అప్పడాలు వేయించుకోవచ్చన్నంత కాలుతుంది. కింద పరుచుకోడానికి టార్పాలిన్ పట్టా, దోమల మందు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దూది, పిన్నీసులు, మంచినీళ్ళు, ఇంకా మంచినీళ్ళు. ఆ అమ్మాయి రాసుకుంటున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

"అయిపోయిందా మేడమ్?" అంది.

"లేదు. అన్నిటికంటే ముందు నాలుగు తడికెలు, పాతడానికి గుంజలు, ఒక బకెట్టు, ఒక మగ్గు రాసుకో. ఆడపిల్లలకి బాత్రూమ్ కట్టడానికి."

"ఓ, అదా. అది మామూలే కదా మేడమ్" అని నవ్వేసింది.

మామూలేనట! ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ మాటే చెవిలో తిరిగింది. ఈ కాలం పిల్లలకి మామూలు కావడం నాకు సంతోషమే. కానీ ఆ మామూలు మాట ఒక్కటి పదిమంది మగవాళ్ళ మధ్య పైకి అనలేక నేను వెలగబెట్టిన నిర్వాకం ఒకటుంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న అమ్మాయిలు చదువుతారని ఆ సంగతి రాస్తున్నాను. అబ్బాయిలు చదివినా మంచిదే.

మా ఇల్లు గుడివాడ. బడి బందరులో. ఉద్యోగమంతా పొద్దున్న వెళ్ళే పాసింజరులోనూ సాయంత్రం వచ్చే బస్సులోనూ గడిచిపోయింది. ఇంటి దగ్గర ఒక కాఫీ, మధ్యాహ్నం క్యారేజీలో మజ్జిగన్నం, మళ్ళీ ఇంటికొచ్చి చెప్పులు విడిచాకే మంచినీళ్ళు. మా బళ్ళో ఆడవాళ్ళ బాత్రూమ్ ఒకటుండేది. దాని తాళంచెవి అటెండరు దగ్గరుండేది. అతను మంచివాడే పాపం, కానీ వెళ్ళి "తాళం ఇవ్వు బాబూ" అని అడగాలి కదా. ఆ తాళం గుత్తి గలగలలాడించుకుంటూ వరండా అంతా నడవాలి కదా. దానికంటే దాహమే నయం అనుకునేవాళ్ళం, మేం ఆడ టీచర్లమంతా. ఎవరం ఎవరితోనూ చెప్పుకోలేదు. మా అమ్మ నాకు నేర్పింది, నేను మా అమ్మాయికి నేర్పాను. ప్రయాణం కదే, నీళ్ళు చూసుకుని తాగు, అని. ప్రేమతోనే అన్నాం సుమండీ.

పైగా నేను చెప్పేది జీవశాస్త్రం. మూత్రపిండాల పాఠం వచ్చినప్పుడు బోర్డు నిండా రంగు సుద్దలతో బొమ్మ వేసేదాన్ని. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు కూడా మెచ్చుకునేవారు. నీళ్ళు ఎక్కువ తాగాలి అని పిల్లల చేత వల్లె వేయించేదాన్ని. తీరా ఆ ఒక్క మాట దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించి, బెత్తంతో బొమ్మ మీద చూపించి ముందుకెళ్ళిపోయేదాన్ని. వెనక బెంచీ మగపిల్లలు కిసుక్కుమనేవాళ్ళు. ఆడపిల్లలు తలలు దించుకునేవాళ్ళు. పాఠం అయిపోయిందనిపించేదాన్ని.

ఇక మా డ్రిల్లు మాస్టారి సంగతి. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కయ్యగారూ అని పిలిచేవాడు. గొంతు విప్పితే పక్కవీధి బడి పిల్లలు కూడా వరసలో నిలబడేవాళ్ళు. పిల్లలంటే ప్రాణం. ప్రతి వేసవి సెలవులకీ మగపిల్లల్ని తీసుకుని దివిసీమలో సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో క్యాంపు పెట్టేవాడు. ఆ ఏడాది ఆడపిల్లల్ని కూడా తీసుకెళ్తానన్నాడు. "ఎన్నాళ్ళని వీళ్ళు గ్రౌండు చుట్టూ ముగ్గులేస్తారండీ? మీరు కూడా రండి అక్కయ్యగారూ, మీరుంటే తల్లిదండ్రులు పంపిస్తారు" అన్నాడు. అలా బయల్దేరాను.

ఆ క్యాంపులో ఇంకో ఆశ ఉంది. అక్కడ బాగా చేసిన ఒక ఆడపిల్లని, ఒక మగపిల్లాడిని అరకు కొండల్లో జరిగే పెద్ద క్యాంపుకి పంపిస్తారు. ఆడపిల్లల్లో ఎవరు వెళ్తారో అందరికీ ముందే తెలుసు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. చిలకలపూడి వైపు గిల్టు నగల పని చేసే సాయిబు గారి కూతురు. నాన్న పక్కన కూర్చుని సన్నటి గొలుసులు అతికి అతికి ఆ వేళ్ళు ఎంత చురుగ్గా తయారయ్యాయంటే, తాడుతో ముడి వేసిందంటే డ్రిల్లు మాస్టారు కూడా విప్పలేక "అమ్మా తల్లీ, నువ్వే విప్పు" అనేవాడు. ఆ పిల్ల కొండ చూడలేదు. మా ప్రాంతంలో ఎత్తు అంటే కాలవగట్టే కదా. "కొండ మీద నించుంటే కింద మనుషులు చీమల్లా కనపడతారా టీచర్?" అని నన్ను ఎన్నిసార్లడిగిందో.

బయల్దేరే ముందురోజు వాళ్ళ నాన్న బడికొచ్చాడు. చేతుల నిండా పనిమసి, నన్ను చూసి కడుక్కొచ్చాడు. "ఆడపిల్లని ఊరు దాటించడం మా ఇంట్లో ఇదే మొదలు టీచర్ గారూ. మావాళ్ళంతా వద్దన్నారు. మీరు పక్కనుంటారని పంపిస్తన్నా" అన్నాడు. నేను ధైర్యం చెప్పాను. ఆ పిల్ల నాన్న వెనక నిలబడి బూటు ముక్కుతో నేల గీస్తూ నవ్వుతోంది.

తడికెలు నేనే కొన్నాను. తాటాకు తడికెలు, నాలుగు. తెల్లారకముందే వచ్చి, సామాను వేసే చిన్న వ్యానులో ఎవరూ చూడకుండా అన్నిటికంటే అడుగున పెట్టించాను. దొంగసరుకు దాచినట్టే దాచాను. ఆడపిల్లల దళానికి నాయకురాలు కనక ఆ పిల్లతో మాత్రం చెవిలో చెప్పాను. ఆ పిల్ల "హమ్మయ్య" అని మిగతావాళ్ళకి చెప్పడానికి పరిగెత్తింది.

పిల్లలంతా బస్సులో, సామాను వ్యానులో. చల్లపల్లి చేరేసరికి డ్రిల్లు మాస్టారికి ఫోనొచ్చింది. కోడూరు నుంచి రావాల్సిన మంచినీళ్ళ ట్యాంకరు చెడిపోయిందట, రాదట. ఆయన నెత్తి పట్టుకున్నాడు. సముద్రం పక్కన బోరు వేసినా ఉప్పే, చెలమ తవ్వినా ఉప్పే. అంతమంది పిల్లలు, ఆ ఎండలు. అక్కడే నీళ్ళ ప్లాంటుకెళ్ళి దొరికినన్ని క్యాన్లు తెచ్చాడు. వ్యానులో చోటు లేదు. టెంట్లు దింపలేం, బియ్యం దింపలేం. సామాను తిరగేస్తుంటే అడుగున నా తడికెలు బయటపడ్డాయి.

"ఇవేంటి అక్కయ్యగారూ? తడికెలెందుకు?"

అడిగింది మామూలుగానే. కానీ చుట్టూ ఎవరున్నారో చూశాను. వ్యాను డ్రైవరు, క్లీనరు, సోషలు మాస్టారు, క్యాన్లు మోస్తున్న మగపిల్లలు, పక్కన సోడా బడ్డీ ముందు నిలబడ్డ నలుగురు రైతులు. ఒక్క మాట. ఆడపిల్లలకి బాత్రూమ్ కోసమండీ, అనాలి. అంతే కదా. నేనేమన్నానో తెలుసా?

"ఊరికేనండీ. ఎండకి అడ్డం పెట్టుకోవచ్చని."

"ఎండకా! మనం వెళ్తోంది సరుగుడు తోటలోకండీ. నీడకేం కరువు?" అని నవ్వి, "ఒరే, అవి దింపండ్రా. బాబాయ్, ఇవి మీ కొట్టు దగ్గర పడేసి ఉంచండి, వచ్చేప్పుడు తీసుకెళ్తాం" అని సోడా బడ్డీ ఆయనకి అప్పజెప్పాడు. తడికెల చోట్లో నీళ్ళ క్యాన్లు కూర్చున్నాయి.

"సరేనండీ" అన్నాను నేను.

బస్సు కిటికీలోంచి ఆ పిల్ల చూస్తోంది. టీచర్ ఇప్పుడు చెప్తుంది, ఇప్పుడు చెప్తుంది అని చూస్తోంది. నేను అరటిపళ్ళ బండి వైపు తిరిగి ధర అడుగుతున్నట్టు నిలబడ్డాను. నా బతుక్కి అరటిపళ్ళొకటి.

మోపిదేవిలో దర్శనానికి ఆపారు. అక్కడ తలుపులున్న బాత్రూములున్నాయి. ఆడపిల్లల్ని దగ్గరికి పిలిచి, "అందరూ ఇక్కడే వెళ్ళొచ్చెయ్యండి. అక్కడ పగలు కుదరదు. కాస్త నీళ్ళు చూసుకుని తాగండి" అన్నాను. మెల్లగా, ఏదో రహస్యోపదేశం చేసినట్టు. ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. బయల్దేరేప్పుడు వాళ్ళ అమ్మలు చెప్పిన మాటే టీచరూ చెప్పింది కదా. అందరూ బుద్ధిగా తలూపారు.

ఇక సరుగుడు తోట. దూరం నుంచి చూస్తే పచ్చగా దట్టంగా ఉంది. దగ్గరికెళ్తే ఏముంది, వరసగా పాతిన వాసాల్లా సన్నటి బోదెలు. ఈ చివర నించుంటే ఆ చివర వలలు బాగుచేసుకుంటున్న మనుషులు కనపడుతున్నారు. సెలవులు కనక బైకుల మీద కుర్రాళ్ళు వచ్చిపోతూనే ఉన్నారు. డ్రిల్లు మాస్టారు ఆడపిల్లల రక్షణ కోసం తోట నాలుగు మూలలా కాపలా కూడా పెట్టాడు, మగపిల్లల్ని, తోట వైపు మొహం పెట్టి. ఆయన జాగ్రత్త ఆయనది. మేం మాత్రం తెల్లారకముందొకసారి, చీకటి పడ్డాకొకసారి, అంతా ఒక మందగా కలిసి వెళ్ళాల్సొచ్చింది. పగలంతా ఎక్కడివాళ్ళం అక్కడే.

ఆయన గంటకోసారి విజిల్ ఊదేవాడు. "వాటర్!" అని కేకేసేవాడు. అందరూ గ్లాసులు పట్టుకుని రావాలి. మగపిల్లలు గటగటా తాగి మళ్ళీ పట్టుకునేవాళ్ళు. ఆడపిల్లలు గ్లాసు నింపుకుని టెంటు వెనక్కి వెళ్ళేవాళ్ళు. నేను చూశాను. పెదాలు తడుపుకుని మిగతాది ఇసుకలో పోసేస్తున్నారు. ఇసుక ఇట్టే పీల్చేస్తుంది, తడి కూడా కనపడదు. నేను వాళ్ళని ఏమీ అనలేదు. ఏమంటాను, నా గ్లాసు కూడా నేను అలాగే వంపాను. తలెత్తితే ఎదురుగా ఆ పిల్ల. నన్ను చూసి చిన్నగా నవ్వింది, మనిద్దరం ఒకటే అన్నట్టు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు చచ్చిపోతుంది.

సాయంత్రం డ్రిల్లు మాస్టారు అందర్నీ వరసల్లో నిలబెట్టి క్యాన్లు చూపించాడు. "మగపిల్లల క్యాన్లు ఖాళీ. ఆడపిల్లలవి చూడండ్రా, సగానికి సగం అలాగే ఉన్నాయి. నీళ్ళ విలువ తెలిసిన పిల్లలంటే వీళ్ళు! చప్పట్లు కొట్టండి" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. ఆడపిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వాపుకున్నారు. నేనూ చప్పట్లు కొట్టాను.

మర్నాడు టెంట్లు కట్టే పోటీ. పెద్ద క్యాంపుకి ఎవరు వెళ్తారో తేలేది అందులోనే. పొద్దున్నే మొదలుపెట్టాల్సింది, గాలి ఎక్కువగా ఉందని ఆలస్యం చేశారు. ఎండ మాడ్చేస్తోంది. నాకు తెల్లారినప్పటి నుంచీ తలపోటు, కళ్ళ ముందు మెరుపులు. వయసు మీద పడుతోంది అనుకున్నానే గానీ నీళ్ళ సంగతి తట్టలేదు. ఆ పిల్ల దళం అందరికంటే ముందుంది. గుంజలు పాతారు, గుడ్డ లాగారు, ఇక తాళ్ళు బిగించడమే. మిగతా పిల్లలందరి మొహాలూ చెమటతో నిగనిగలాడుతున్నాయి. ఆ పిల్ల మొహం పొడిగా, ఎర్రగా ఉంది. చూడండి, నేను జీవశాస్త్రం టీచర్ని. అంత ఎండలో చెమట పట్టకపోతే ఏమిటర్థమో పిల్లలకి పాఠం చెప్పి మార్కులేసిన దాన్ని. ఆ మొహం చూసి నేననుకున్నది, "ఎంత గట్టి పిల్ల, చెమట కూడా పట్టలేదు" అని.

ఆఖరి ముడి వేస్తూ వేస్తూ అలాగే ముందుకి పడిపోయింది. తాడు చేతిలోనే ఉంది. మొదట కాలు జారిందనుకుని పిల్లలు నవ్వారు. తర్వాత లేవలేదు. డ్రిల్లు మాస్టారు పరిగెత్తుకొచ్చి ఎత్తుకుని, "ఒళ్ళు పెనంలా కాలిపోతోందండీ!" అని అరుస్తూ వ్యాను దగ్గరికి పరుగుతీశాడు. దారంతా ఆ పిల్ల తల నా ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డతో తుడుస్తూనే ఉన్నాను. ఏవో మాటలంటోంది, అర్థం కావడం లేదు. అవనిగడ్డ ఆసుపత్రి వచ్చేదాకా నాకు తెలిసిన దేవుళ్ళందరికీ దండాలు పెట్టాను, ఆ పిల్ల దేవుడికి కూడా.

సెలైన్ ఎక్కించారు. మరికాస్త ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదని అక్కడి డాక్టరు అన్నాడు. కుర్రవాడు, కోపం ముక్కు మీదే ఉంది. ఆ పిల్ల కళ్ళు తెరిచాక, "నీళ్ళు తాగి ఎంతసేపయిందమ్మా?" అని అడిగాడు.

ఆ పిల్ల నా వైపు చూసింది. ఒక్క క్షణమే. "తాగాను సార్" అంది.

"తాగితే ఇలా ఎందుకవుతుంది?" అని ఆయన డ్రిల్లు మాస్టారి మీదకి తిరిగాడు. "పిల్లలకి నీళ్ళు కూడా పెట్టకుండా ఎండలో గెంతిస్తున్నారా?"

"గంట గంటకీ విజిల్ ఊదానండీ..."

"విజిల్ ఊదితే నీళ్ళు కడుపులోకి పోతాయా మాస్టారూ?"

డ్రిల్లు మాస్టారు తల వంచుకున్నాడు. అంత గొంతున్న మనిషి, వినపడీ వినపడకుండా, "తప్పు నాదేనండీ. తాగారో లేదో దగ్గరుండి చూసుకోవాల్సింది" అన్నాడు. నేను పక్కనే, ఒక అడుగు దూరంలో, కుక్కిన పేనులా నిలబడ్డాను. సెలైన్ చుక్కలు పడుతుంటే వాటివైపే చూస్తున్నాను.

ఇంకా సిగ్గుచేటు సంగతొకటుంది, అదీ చెప్పేస్తాను. ఆ ఆసుపత్రి వరండా చివర బాత్రూమ్ కనపడింది, తలుపుతో, లోపల గడియతో. దాన్ని చూడగానే బయటికెళ్ళి రెండు సీసాల మంచినీళ్ళు కొనుక్కుని నిలబడినచోటే ఎత్తి తాగేశాను. లోపల ఆ పిల్లకి సూదితో ఎక్కిస్తున్నారు. నేను బయట గటగటా తాగుతున్నాను. నా తలపోటు అరగంటలో తగ్గిపోయింది.

సాయంత్రానికి ఆ పిల్ల నాన్న బావమరిదిని వెంటబెట్టుకుని బందరు నుంచి బండి మీద వచ్చాడు. కూతురి తల నిమిరాడు. తిడతాడు, తిట్టాలి, తిడితే బాగుణ్ణు అనుకుంటున్నాను. బయటికొచ్చి మా ఇద్దరికీ చేతులు జోడించాడు.

"మా పిల్లకి ఒంట్లో సత్తువ లేదండీ. తెలీక పంపిచ్చా. మీకందరికీ ఎంత ఇబ్బంది అయిపోయింది! ఏమీ అనుకోకండి. ఇక పెద్ద క్యాంపులూ అవీ వద్దులెండి సార్, ఆ పేరు తీసేయండి. మావాళ్ళు ముందే చెప్పారు" అన్నాడు.

తలుపు తెరిచే ఉంది. మంచం మీద ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. అంతా వింది. డ్రిల్లు మాస్టారు కూడా విప్పలేని ముళ్ళు వేసే పిల్ల, ఒంట్లో సత్తువ లేని పిల్లగా ఇంటికి వెళ్ళబోతోంది. ఒక్క మాట చెప్తే చాలు. సత్తువ లేకపోవడం కాదండీ, నేనే తాగొద్దన్నాను, అంటే చాలు. ఎదురుగా ఆ తండ్రి, మేనమామ, డ్రిల్లు మాస్టారు, వ్యాను డ్రైవరు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఎందుకు తాగొద్దన్నారు అని అడుగుతారు కదా. చల్లపల్లిలో ఎక్కడ ఆగిపోయానో సరిగ్గా అక్కడే మళ్ళీ ఆగిపోయాను. వాళ్ళు నన్ను గౌరవంగా బెంచీ మీద కూర్చోబెట్టి టీ ఇప్పించారు. తాగాను.

హెడ్మాస్టారు ఫోన్లో కేకలేసి క్యాంపు ఎత్తేయమన్నారు. మర్నాడు తిరుగు ప్రయాణంలో చల్లపల్లిలో ఆగాం. సోడా బడ్డీ ఆయన నా తడికెలు నాలుగూ కొట్టు ముందు నిలబెట్టి, వాటి చాటున సోడాలు, మజ్జిగ కుండ పెట్టుకున్నాడు. నన్ను చూసి, "ఎండకి అడ్డంగా మా బాగా పనికొచ్చాయమ్మా!" అన్నాడు సంబరంగా. నేను చెప్పిన అబద్ధం అక్కడ కూర్చుని నిజమైపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

డ్రిల్లు మాస్టారు తడికెలు వ్యానెక్కించబోతుంటే, "అవి ఎండ కోసం కాదండీ" అన్నాను. ఆ మాట వరకూ వచ్చాక ఇక ఆగలేదు. బాత్రూమ్ మాట, మోపిదేవిలో చెప్పిన మాట, ఇసుకలో పోసిన నీళ్ళ మాట, అన్నీ నడిరోడ్డు మీద చెప్పేశాను. క్లీనరు వింటున్నాడో లేదో కూడా చూడలేదు. రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది నాకు నోరు.

ఆయన తడికె పట్టుకునే నిలబడిపోయాడు. కోపమొస్తుందనుకున్నాను. ఏడుపు గొంతుతో అన్నాడు: "అక్కయ్యగారూ, ఒక్క మాట అంటే నెత్తిన పెట్టుకుని నడిచైనా తెచ్చేవాణ్ణి కదండీ. నేను అంత చెడ్డవాడిలా కనపడ్డానా?" తడికె వ్యానుకి ఆనించి, "నాకూ తట్టాలి లెండి. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నారు. వాళ్ళు కూడా నాతో చెప్పరేమో" అన్నాడు.

"మరి పెద్ద క్యాంపుకి ఆ పిల్ల పేరు?" అని అడిగాను.

"నిన్న రాత్రే పంపించేశానండీ, వేరే పిల్ల పేరు. వాళ్ళ నాన్న వద్దన్నాడుగా." ఉండబట్టలేక అక్కడే ఫోన్ చేసి కనుక్కున్నాడు. అవతలివాళ్ళు అప్పటికే ఖాయం చేసేశారు.

తర్వాత ఆదివారం బందరు వెళ్ళి వాళ్ళిల్లు వెతుక్కున్నాను. మిట్టమధ్యాహ్నం. తండ్రి గుమ్మం పక్కన కింద కూర్చుని గొలుసులు అతుకుతున్నాడు. నన్ను చూసి కంగారుగా లేచి, బనీను మీద చొక్కా తొడుక్కుని, కుర్చీ తుడిచి వేశాడు. వాళ్ళావిడ తలుపు చాటున నిలబడి కొంగు తల మీదకి లాక్కుని పలకరించింది. నేను ఎండల గురించి మాట్లాడాను. పదో తరగతి సిలబస్ గురించి మాట్లాడాను. గిల్టు పనికి ఈమధ్య గిరాకీ ఎలా ఉందని కూడా అడిగాను. వచ్చిన పని తప్ప అన్నీ మాట్లాడాను.

ఆ పిల్ల స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చింది. కాస్త చిక్కింది.

"వద్దమ్మా, ఇందాకే తాగాను. మళ్ళీ బస్సెక్కాలి కదా" అన్నాను. అలవాటు. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

ఆ పిల్ల గ్లాసు వెనక్కి తీసుకోలేదు. అలాగే పట్టుకుని నిలబడింది. నా వైపు చూస్తోంది, చల్లపల్లిలో బస్సు కిటికీలోంచి చూసినట్టే. ఈసారి మొహం తిప్పుకోడానికి నాకు అరటిపళ్ళ బండి లేదు.

గ్లాసు తీసుకుని సగం తాగి, ఆ తండ్రితో చెప్పాను. మీ పిల్లకి సత్తువ లేక కాదండీ, నా మాట విని దాహాన్ని చంపుకుంది. నీళ్ళు తాగొద్దన్నది నేను. చాటు లేదు గనక తాగొద్దన్నాను. చాటు లేకపోవడానికి కారణం కూడా నేనే, అడిగినప్పుడు సిగ్గుపడి అబద్ధం చెప్పాను. డాక్టరు అడిగితే నన్ను కాపాడటానికి తాగానంది. నేను ఆ పక్కనే ఉండి నోరు మూసుకున్నాను.

ఆయన చేతిలో పట్టకారు అలాగే ఉండిపోయింది. కూతురి వైపు తిరిగి, "నాతో అన్నా చెప్పొద్దామ్మా?" అన్నాడు.

"ఎట్టా చెప్పను అబ్బాజాన్?" అంది.

ఆయన పట్టకారు కింద పెట్టేశాడు. తలుపు చాటు నుంచి వాళ్ళావిడ, "నేను కూడా బయల్దేరేప్పుడు అదే చెప్పానండీ. నీళ్ళు తక్కువ తాగమని" అంది. నా మీద ఉన్న తప్పులో కొంత తను తీసుకోబోయింది. అదింకా సిగ్గనిపించింది.

"మరి ఆ కొండల క్యాంపు..." అన్నాడాయన.

"అయిపోయిందండీ. వేరే పేరు వెళ్ళిపోయింది. ఆ మాట చెప్పడానికి కూడా నేను ఆలస్యం చేశాను."

ఆ పిల్ల తల దించుకుంది. నేను తప్పైపోయిందమ్మా అన్నాను. పరవాలేదు టీచర్, అంటుందేమో అనుకున్నాను. పిల్లలు ఊరికే అనేస్తారు కదా ఆ మాట. ఆ పిల్ల అనలేదు. అనకపోవడమే మంచిదైంది.

గ్లాసులో మిగిలిన నీళ్ళు కూడా తాగాను. తర్వాత, ఆ ఇంట్లో మగమనిషి ఎదురుగానే, గొంతు తగ్గించకుండా, "మీ బాత్రూమ్ ఎటమ్మా?" అని అడిగాను. నా జీవితంలో పరాయి మగవాడి ముందు ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. అప్పటికి తల సగం నెరిసింది.

తండ్రి చప్పున లేచి, దారిలో ఉన్న తన పనిముట్ల పెట్టె పక్కకి జరిపాడు. ఆ పిల్ల, "రండి టీచర్" అని ముందు నడిచింది. బకెట్టు నిండా నీళ్ళు పట్టి లోపల పెట్టి వెళ్ళింది.

నేను బయటికొచ్చేసరికి మళ్ళీ గ్లాసు నింపి పట్టుకుని ఉంది. బస్సుకి టైమైంది, గుడివాడ దాకా ప్రయాణం. ఇవ్వమన్నట్టు చెయ్యి చాపాను. గ్లాసు చేతికిచ్చి ఆ పిల్ల పక్కకి వెళ్ళలేదు. ఎదురుగా నిలబడి, ఆఖరి గుక్క దిగేదాకా నా గొంతు వైపే చూస్తూ ఉంది. క్యాంపులో నేను చెయ్యాల్సిన పని అదే.